ఫ్లాటు, పోర్షను, మండువా

మండువా లోగిళ్ళ గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు, పోస్టులు, సినిమా సీన్లు దాదాపు అన్నీ ఒకే చోటికి చేరతాయి. అన్నదమ్ములు వేరుపడ్డారు, మధ్యలో గోడ లేచింది, ఇల్లు పోయింది. తప్పెవరిదంటే మనుషులది, వాళ్ళ స్వార్థానిది. చదివినవాళ్ళు ఓ నిట్టూర్పు విడిచి షేర్ చేసుకుంటారు. ఈ వాదనతో నాకు పేచీ ఉంది. మనుషులు వేరుపడటం మన కృష్ణాజిల్లాలోనే జరగలేదు. పెద్దిళ్ళు అన్ని దేశాల్లోనూ ముక్కలయ్యాయి. కొన్ని ముక్కలై కూడా నిలబడ్డాయి, కొన్ని మొదటి గోడ లేవగానే కూలాయి. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మనుషుల గుణాల్లో వెతికితే దొరకదు. ఇంటి ప్లానులో వెతకాలి.

అందుకని రెండు రకాల ఇళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి ఇంగ్లండులో ఫ్లాట్లుగా మారిన పాత టౌన్‌హౌసు. రెండోది తిరువూరు వైపు పోర్షన్లుగా మారుతున్న మండువా ఇల్లు.

ఇంగ్లీషు టౌన్‌హౌసు అనగానే అందరూ చూపించే ఉదాహరణ బాత్ నగరంలోని రాయల్ క్రెసెంట్. 1767 నుంచి 1774 దాకా కట్టారు. చేసింది జాన్ వుడ్, అదే పేరున్న తండ్రికి కొడుకు. పచ్చిక బయలు ముందు నెలవంకలా వంగిన ఒకే ఒక్క రాతి ముఖం, దాని మీద వరసగా 114 స్తంభాలు. దూరంనుంచి చూస్తే రాజుగారి కోట. నిజానికి అవి ఒకదానికొకటి ఆనుకున్న 30 ఇళ్ళు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వుడ్ గీసింది ముఖాన్ని. కొనుక్కున్నవాళ్ళు ఆ ముఖంలో తమ వంతు వెడల్పు తీసుకుని, దాని వెనక ఇల్లు మాత్రం ఎవరి మేస్త్రీతో వాళ్ళు, ఎవరికి కావాల్సినట్టు వాళ్ళు కట్టుకున్నారు. ముందునుంచి చూస్తే సైనిక కవాతు, వెనకనుంచి చూస్తే సంతబజారు. ఒకడి కిటికీ ఎత్తు ఇంకొకడి కిటికీతో కలవదు, ఒకడి గోడ ముందుకొస్తే ఇంకొకడిది లోపలికెళ్తుంది.

అంటే ఆ ఇళ్ళకి ఉమ్మడి అన్నది మొదటిరోజు నుంచీ వీధివైపే ఉంది. లోపల ఎవరి బతుకు వాళ్ళది.

తర్వాతి శతాబ్దాల్లో అంతంత ఇళ్ళు ఒక్క కుటుంబానికి మోయలేని బరువయ్యాయి. పనివాళ్ళు దొరకడం మానేశారు. ఇవాళ ఆ 30 ఇళ్ళలో 18 ఫ్లాట్లుగా విడిపోయాయి. పది మాత్రం పూర్తి ఇళ్ళుగానే ఉన్నాయి. ఒకటి మ్యూజియం, నడిమిది హోటలు. అయినా పచ్చికలో నిలబడి చూసేవాడికి ఏది ఫ్లాట్లు, ఏది ఇల్లు అనేది తెలియదు. 1942 ఏప్రిల్‌లో జర్మన్ బాంబుదాడుల్లో 2, 17 నంబర్ల ఇళ్ళు లోపలంతా కాలిపోయాయి. అదీ తెలియదు. ముఖం ఉంటే చాలు, ఇల్లు ఉన్నట్టే.

నేను ఆఫీసు పనిమీద బాత్‌కి పక్కనే ఉన్న బ్రిస్టల్‌లో ఏడాదిన్నర ఉన్నాను. క్లిఫ్టన్‌లో అలాంటి పాత ఇంట్లోనే, ఫ్లాటుగా మారిన ఒక అంతస్తులో అద్దెకి. అందువల్ల ముఖం వెనక ఏం జరుగుతుందో కొంచెం తెలుసు. ఆ ఇళ్ళలో ప్రతి అంతస్తుకీ ఒక కులం ఉంటుంది, అలాగే అనాలి. నేల కింద బేస్‌మెంటులో వంటిల్లు, బొగ్గు కొట్టు. నేలమీద భోజనాల గది. మొదటి అంతస్తులో అతిథుల హాలు. అన్నిటికన్నా ఎత్తైన కిటికీలు దానికే. రెండో అంతస్తులో పడకగదులు, కిటికీలు కాస్త పొట్టివి. అటకలో పనివాళ్ళు, చిన్న చిన్న కిటికీలు. ఫ్లాట్లుగా కోసినప్పుడు ఈ వరస చెరిగిపోలేదు, ధరలుగా మారింది. అతిథుల హాలున్న ఫ్లాటు ఖరీదు ఎక్కువ, పనివాళ్ళ అటక తక్కువ. బేస్‌మెంటుకి బ్రోకర్లు గార్డెన్ ఫ్లాట్ అని పేరు పెట్టారు.

నాకిచ్చిన గది ఒకప్పుడు పెద్ద హాలులో సగం. చెక్క ఫ్రేముకి ప్లాస్టరు బోర్డు కొట్టి మధ్యలో తేలిక గోడ లేపారు. సీలింగు అంచున నడిచే పూలపట్టీ ఆ గోడ దాకా వచ్చి, సగం ఆకు దగ్గర తెగిపోయేది. మిగతా సగం ఆకు అవతలివాళ్ళ వంటింట్లో ఉండేదనుకుంటాను. పైవాళ్ళు నడిస్తే నాకు తెలిసేది, నేను నడిస్తే కిందవాళ్ళకి తెలిసేది. మెట్లు మాత్రం అందరివీ. సైకిళ్ళు, ఎవరికో వచ్చిన ఉత్తరాలు, దానంతటదే మూసుకునే బరువైన ఫైర్ తలుపులు. ఒకప్పుడు కొత్త బట్టలతో దొరసానులు దిగిన మెట్లు ఇప్పుడు ఎవరూ నిలబడని దారి అయ్యాయి.

కాబట్టి బాత్‌ని చూసి మనవాళ్ళు పెట్టే లబలబలు, వాళ్ళు వారసత్వాన్ని ఎంత బాగా కాపాడుకున్నారో అని, నాకు సగమే నచ్చుతాయి. వాళ్ళు కాపాడింది గోడని. ఆ గోడ కోసం ఎంత పట్టుదలంటే, 1970లలో 22వ నంబరు ఇంటావిడ తలుపుకి పసుపు రంగు వేయిస్తే నగరపాలక సంస్థ నోటీసులిచ్చింది. గొడవ లండన్‌లో మంత్రి దాకా వెళ్ళింది, చివరికి ఆవిడే నెగ్గింది. తలుపు రంగుకి అంత రభస చేసిన ఊళ్ళోనే, లోపల హాళ్ళు రెండుగా మూడుగా చీలాయి.

అయితే ఆ ఇల్లు చీలికని తట్టుకుంది, అది ఒప్పుకోవాలి. కారణం ఇంజనీరింగులో ఉంది. టౌన్‌హౌసు సన్నగా, లోతుగా, ఎత్తుగా ఉంటుంది. రెండు పక్కలా పక్కింటితో ఉమ్మడి గోడ. ఆ గోడల మందం ఎంతుండాలో చట్టాలే చెప్పాయి. 1666 మంటల్లో లండన్ తగలబడ్డ తర్వాత మొదలైన ఆ నిబంధనలు 1774 నాటి చట్టంతో బాగా గట్టిపడ్డాయి. నేల బరువుని మోసేవి ప్రధానంగా ఈ గోడలూ, దూలాలే. కిటికీలు ముందూ వెనకా ఉంటాయి కాబట్టి ఏ అంతస్తుకి ఆ అంతస్తుకి వెలుతురు సొంతం. అలాంటి ఇంటిని అడ్డంగా కోస్తే ప్రతి ముక్కకీ గాలి ఉంటుంది, వెలుతురు ఉంటుంది, ఒక మెట్లదారి ఉంటుంది. రొట్టె ముక్కలు కోసినట్టే.

మండువా ఇల్లు రొట్టె కాదు, గారె. దాని ఆకారమంతా నడిమి చిల్లు చుట్టూ ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. వీధి అరుగు, దాన్ని దాటితే సింహద్వారం, నడవ. లోపల నడుమ కొంచెం పల్లంగా, పైకప్పు లేని చదరం. అదే మండువా. దాని నాలుగు పక్కలా పంచలు, పంచల వెనక గదులు, పడమటిల్లు, వెనకవైపు వంటిల్లు, ఆపైన పెరడు. కప్పు నాలుగు వైపులనుంచీ లోపలికి వాలి ఉంటుంది. వానపడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి ఒకే తూములోంచి బయటికి పోతాయి. వీధిలోంచి చూస్తే ఏమీ కనపడదు: ఒక గోడ, ఒక తలుపు, పైన పెంకు. ఈ ఇంటి అందం, గాలి, వెలుతురు, నీళ్ళు పోయే దారి, పసిపిల్లలు పాకే చోటు అన్నీ లోపలి ఖాళీలోనే ఉన్నాయి. బాత్‌లో ఉమ్మడి రాతిముఖం. ఇక్కడ ఉమ్మడి ఆకాశం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది మా అమ్మమ్మ వాళ్ళింటి లెక్క, తిరువూరులోది. వీధివైపు వెడల్పు 48 అడుగులు, లోతు 60. నడిమి భాగంలో అడ్డంగా కొలిస్తే ఇలా వస్తుంది: గది 10 అడుగులు, పంచ 8, మండువా 12, పంచ 8, గది 10. తాతయ్య వీలునామా రాయలేదు. ఇద్దరు మావయ్యలు, మా అమ్మ, పిన్ని. నాలుగు వాటాలు. డాక్యుమెంట్ రైటర్ టేపు పట్టుకుని వచ్చి పది నిమిషాల్లో తేల్చేశాడు: ఒక్కొక్కరికి 12 అడుగుల వెడల్పున, వీధినుంచి పెరడు దాకా, నాలుగు పట్టీలు. అందరికీ సమానం. అందరికీ వీధి తలుపు.

కాగితం మీద ఇంతకన్నా న్యాయం లేదు. అదే ఇంటి మీద గీసి చూస్తే, చివరి పట్టీలు రెండింటికీ ఒక్కో వరస గదులు, వాటి ముందు రెండడుగుల పంచ, ఆ తర్వాత గోడ. ఆ గదులకి తలుపూ కిటికీ మండువావైపే ఉన్నాయి, అవతల పక్కింటి గోడ. అంటే చీకటి కొట్లు. నడిమి పట్టీలు రెండింటికీ మధ్యభాగంలో అసలు గదే లేదు: ఆరడుగుల పంచ, ఆరడుగుల ఆకాశం. తూము ఒకరి వాటాలో, నీళ్ళు పడేది ఇద్దరి వాటాల్లో. కప్పు మూలల్లో రెండు వాలులు కలిసే దగ్గర ఏటవాలు దూలం ఒకటుంటుంది. గోడకోసం దాన్నొకరు కోస్తే అవతలివాళ్ళ పెంకు జారుతుంది. ముందు ఎవరో ఒకరు తమ పట్టీని పడగొట్టి శ్లాబు వేస్తారు. మిగతావాళ్ళకి కూలడం తప్ప ఇంకో దారి ఉండదు. టేకు స్తంభాలు పాత కలప కొనేవాళ్ళ బండెక్కుతాయి.

ఆ పట్టీలు చూస్తుంటే అర్థమయ్యే విషయం ఇంకొకటుంది. సన్నగా, లోతుగా, పక్కింటితో గోడ పంచుకుని, వీధికి 12 అడుగుల ముఖం. ఇది టౌన్‌హౌసు ప్లాను! మనకి తెలియకుండానే చదరపు ఇంటిని ఇంగ్లీషువాళ్ళ పట్టీ ఇళ్ళుగా కోస్తున్నాం. కాకపోతే వాళ్ళ పట్టీలో ప్రతి అంతస్తుకీ ముందూ వెనకా వెలుతురు వచ్చేలా మొదటే ఆలోచించారు. మనది టేపు పెట్టి కోసిన పట్టీ. పోర్షను అనే మాటని తెలుగువాళ్ళు ఊరికే వాడటం లేదు. ఫ్లాటు అంటే దానంతటది ఒక ఇల్లు. పోర్షను అంటే దేన్లోంచో తీసిన ముక్క.

దీనికి జవాబుగా నోస్టాల్జియావాళ్ళు అనేది, అసలు పంచుకోకుండా ఉండాల్సింది అని. ఇక్కడే నా అసలు అభ్యంతరం. పంచుకోకుండా ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ఎవరి ఖర్చుమీద నిలబడింది?

1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను అని ఒకటుండేది. వీలునామా లేకుండా ఇంటి పెద్ద చనిపోయి, కుటుంబమే ఆ ఇంట్లో కాపురముంటుంటే, ఇంటిని పంచమని అడిగే హక్కు ఆడ వారసులకి లేదు, మగ వారసులు పంచుకోవాలనుకునే దాకా. కూతురికి ఉండేది ఆ ఇంట్లో తలదాచుకునే హక్కు. అదీ పెళ్ళికానిదో, భర్త వదిలేసిందో, భర్తనుంచి విడిపోయిందో, భర్త పోయిందో అయితేనే. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం సవరించింది, దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందు. అయినా 23వ సెక్షను 2005 దాకా పుస్తకంలోనే ఉంది. మనం పాటలు పాడుకునే చీలని ఇంటి వెనక ఈ సెక్షను ఉంది.

చట్టం దాకా ఎందుకు, ప్లానే చెప్తుంది. అరుగు దాటి ఎవరు ఎంతవరకు రావచ్చో కులాన్ని బట్టి ఉండేది: కొందరికి వీధి అరుగే హద్దు, కొందరు పెరటి దారినే వచ్చి పెరటి దారినే పోవాలి. మండువాకి గాలి, పంచలకి నీడ, వంటింటికి పొగ. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు శుభ్రం చేసుకుంటూ చేసుకుంటూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు గుర్తుందా? ఆ కథ చదివాక ఏ లోగిలి ఫోటో చూసినా, ఆ గచ్చు అంత మెరుస్తోందంటే ఎవరు తుడిచారు అనే ప్రశ్న నన్ను వదలదు. డాక్యుమెంట్ రైటర్ పట్టీల కన్నా ముందు మా పెద్దమావయ్య ఇంకో లెక్క చెప్పాడు, అమ్మకి వెనకవైపు వంటిల్లూ దాన్నానుకున్న వసారా ఇస్తే సరిపోతుందని. అమ్మ వెంటనే అంది: "పెళ్ళయ్యేదాకా ఆ వంటింట్లోనే పొగ మింగాను గదన్నయ్యా. మళ్ళీ అదేనా నా వాటాకి?" పట్టీల లెక్క వచ్చింది ఆ మాట తర్వాతే. అంటే ఆ గోడలు స్వార్థంలోంచి లేవట్లేదు. అమ్మకి సమానంగా ఇవ్వాలంటే టేపు తప్ప ఇంకో కొలత ఎవరికీ తోచకపోవడంలోంచి లేస్తున్నాయి.

నిజంగా ఇంకో కొలత లేదా? మన పాత పంపకాల దస్తావేజులు తీసి చదవండి. వాటిలో గోడలు, గదులు పంచుతూ పంచుతూ కొన్నిచోట్ల కలం ఆగుతుంది. బావి ఉమ్మడి. నడకదారి ఉమ్మడి. ఫలానా గోడ ఉమ్మడి. ఫలానా చూరు నీళ్ళు ఫలానావాళ్ళ స్థలంలో పడే హక్కు. ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదని తెలిసిన వస్తువుని చీల్చకుండా వదిలే తెలివి మనకి మొదట్నుంచీ ఉంది. బావిని నాలుగు పట్టీలుగా కోయమని ఏ అన్నదమ్ములూ అడగలేదు, ఎందుకంటే నీళ్ళు కనపడతాయి. మండువా ఇచ్చేది గాలీ వెలుతురూ. అవి దస్తావేజులో ఆస్తిగా ఎక్కలేదు. ఖాళీ స్థలంగా ఎక్కాయి, ఖాళీ అన్నాక గజాల్లో పంచారు. తర్వాత ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నాక ఉమ్మడి బావి కూడా చెత్తకుండీ అయిందనేది వేరే సంగతి.

వింతేంటంటే ఆ గాలీ వెలుతురులకి మనం ఇప్పుడు డబ్బు కడుతున్నాం. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. మెట్లు, కారిడార్లు, టెర్రస్ లాంటివి ఉమ్మడి, స్థలంలో ప్రతివాళ్ళకీ అవిభక్త వాటా. తిరువూరులో మండువాని చీల్చుకున్న కుటుంబాలే విజయవాడలోనో హైదరాబాదులోనో ఫ్లాటు కొని, రిజిస్ట్రేషన్‌లో అన్‌డివైడెడ్ షేరు ఎన్ని గజాలో చూసుకుని సంతకం పెడతాయి. కొన్న అడుగుల్లో అయిదోవంతో పావువంతో కామన్ ఏరియా పేరుతో పోయినా ఎవరూ మాట్లాడరు. నెలనెలా మెయింటెనెన్స్ కడతారు. అమ్మమ్మ వాళ్ళింట్లో మండువా 14 అడుగులు బై 12, అంటే 168 చదరపు అడుగులు. మొత్తం 2880లో ఆరు శాతం కూడా కాదు. లిఫ్టు ముందు చీకటి కారిడార్‌కి పావువంతు ఇచ్చేవాళ్ళం, ఆకాశానికి ఆరు శాతం ఇవ్వలేకపోయాం.

ఆ చట్టం పాత పెంకుటింటికి అతికినట్టు సరిపోతుందని నేననడం లేదు. అందులో ఉన్న ఆలోచన సరిపోతుంది అంటున్నాను. మండువా, పంచలు, నడవ, వాటి మీది కప్పు, తూము: ఇవి నలుగురికీ అవిభక్తం. చుట్టూ ఉన్న నాలుగు పక్కల గదులు ఒక్కొక్కరివి. ఒక పక్క గదులు తక్కువొస్తే ఆ తేడా డబ్బుతో సర్దుకోవచ్చు, పొలం పంచేటప్పుడు నల్లరేగడికీ చెలకకీ సర్దుకున్నట్టే. వీధి తలుపు ఒక్కటే ఉంటుంది, అది నిజమైన ఇబ్బంది. ఎవరింటికి ఎవరొచ్చారో అందరికీ తెలుస్తుంది. కూతుళ్ళ వాటా అద్దెకిస్తే బయటివాళ్ళు లోగిట్లో తిరుగుతారు. ఎవరు కావచ్చో ఎవరు కాకూడదో అన్న పాత కులం లెక్క మళ్ళీ లేస్తుంది. ఇవేవీ చిన్న విషయాలు కావు. కానీ ఇవి మాట్లాడుకుని రాసుకోగలిగిన విషయాలు. పడగొట్టిన కప్పుతో మాట్లాడటానికి ఏముండదు.

బాత్‌నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఇక్కడే. ముఖాన్ని కాపాడే పద్ధతి మనకి అక్కరకు రాదు. వీధి గోడని ఉంచి లోపల పట్టీలు కడితే మిగిలేది గోడే. అక్కడి మ్యూజియం ఇంటి సంగతి మాత్రం ఆలోచించదగ్గది. 1970లో మ్యూజియంగా తెరిచిన ఒకటో నంబరు ఇంటికి పక్కనే పనివాళ్ళ విభాగం ఉండేది, ఎప్పుడో విడిపోయి వేరే ఇల్లయింది. 2013లో దాన్ని మళ్ళీ కలిపారు. అప్పటికిగానీ ఆ ఇంట్లో అతిథుల హాలూ, దాన్ని నడిపిన వంటిల్లూ ఒకే కథలోకి రాలేదు. అంత గట్టి రాతిగోడలున్న ఇల్లు కాబట్టి విడిపోయింది మళ్ళీ అతికింది. మండువాకి ఆ అవకాశం లేదు. ఒకసారి దూలం కోస్తే అంతే.

ఇదంతా ఒక పేజీలో రాసి, ప్లాను గీసి, మావయ్యలకీ పిన్నికీ వాట్సాప్‌లో పంపాను. పిన్ని తన వాటా అమ్ముకునే వీలుంటే తనకే అభ్యంతరం లేదంది, అది న్యాయం. చిన్నమావయ్య ఇంకా చూడలేదు. పెద్దమావయ్య ఒక్క మాట అడిగాడు: "ఏటేటా పెంకు సర్దించే ఖర్చు ఎవరు పెట్టుకుంటార్రా?"

మండువాల మీద ఇన్నేళ్ళుగా నేను చదివినవాటన్నిటికన్నా ఇదే పనికొచ్చే ప్రశ్న. జవాబు దస్తావేజులో ఒక పేరాగా ఎక్కాలి: ఏడాదికి ఎంత, ఎవరెంత, కట్టకపోతే ఏమవుతుంది, అమ్మితే కొన్నవాడికి అది ఎలా సంక్రమిస్తుంది. క్లిఫ్టన్‌లో నేనున్న ఇంటి కప్పు కారితే ఎవరు బాగుచేయించాలో లీజు కాగితంలో రాసే ఉంది. రిజిస్ట్రేషన్‌కి ఇంకా నెలన్నర టైముంది. ఆ పేరా ఎలా రాయాలో డాక్యుమెంట్ రైటర్‌తో కూర్చుని చూస్తున్నాం. ఆయన ఇప్పటికైతే ఉమ్మడి బావి అని ఉన్న పాత నమూనా ఒకటి తీసి, బావి అన్న చోట మండువా అని పెన్సిల్‌తో రాశాడు.